నగరపు రొదలో సంగీతం



మహానగరం అనగానే మనకు ముందు గుర్తొచ్చేది రొద. బళ్ల మోత, అమ్మకాల కేకలు, గడియారం గంటలు! "ఆ గోలలో సంగీతం కూడానా?" అంటారేమో. ఆ గోలలోనే సంగీతం విన్న మహానుభావుడొకరున్నారు. ఆయన ఇంగ్లండు సంగీతకర్త రాల్ఫ్ వాన్ విలియమ్స్. ఆయన రాసిన 'లండన్ సింఫనీ'ని 1914 మార్చి 27న లండన్ క్వీన్స్ హాలులో మొదటిసారి వాయించారు.

సింఫనీ అంటే పెద్ద వాద్యబృందం కోసం కొన్ని భాగాలుగా రాసే రచన. ఇందులో నాలుగు భాగాలున్నాయి. మొదట సెల్లోల వంటి మంద్రస్థాయి తీగవాద్యాలు నెమ్మదిగా ఎత్తుకుంటాయి. ఊరింకా నిద్ర లేవలేదన్నమాట. అంతలో పార్లమెంటు గడియారం అరగంట కొట్టే స్వరాలు హార్ప్ మీద వినిపిస్తాయి. ఇక చూడండి, వీధుల సందడి ఒక్కసారిగా మీదపడుతుంది!

రెండో భాగం నవంబరు నాటి మసక సాయంత్రం. లావెండర్ పూలమ్మేవాళ్ల కేక వయోలా మీద పలుకుతుంది. ఇల్లాళ్లు బట్టల మధ్య సువాసనకు పెట్టుకునే పూలవి. కిరాయి గుర్రపుబళ్ల గజ్జెల చప్పుడు కూడా లీలగా వినవస్తుంది. మూడో భాగం థేమ్స్ ఒడ్డున రాత్రివేళ సందడి. నాలుగో భాగం చివర గడియారం మళ్లీ కొడుతుంది, ఈసారి ముప్పావు గంట. ఆ పైన సంగీతం నదిలా సాగి సాగి, మెల్లగా అణగిపోతుంది.

అయితే ఈ రచన మనదాకా రావడమే ఒక కథ. ఆ ఏడాదే రాతప్రతిని జర్మనీకి పంపారు. ఇంతలో యుద్ధం వచ్చింది, ప్రతి పోయింది! ఒక్కొక్క వాద్యానికి విడిగా రాసుకున్న కాగితాల నుంచి స్నేహితులు మొత్తం మళ్లీ కూర్చారు. వారిలో ఒకరు జార్జి బటర్‌వర్త్, ఆయనా సంగీతకర్తే. సింఫనీ రాయమని మొదట ప్రోత్సహించిందీ ఆయనే. 1916 ఆగస్టులో, 31 ఏళ్ల వయసులో, ఆయన ఫ్రాన్సు యుద్ధరంగంలో మరణించారు. వాన్ విలియమ్స్ ఈ కృతిని ఆ మిత్రుడి స్మృతికి అంకితం చేశారు.

ఆ గుర్రపుబళ్లూ, ఆ పూల కేకలూ లండన్ వీధుల్లోంచి ఎప్పుడో వెళ్లిపోయాయి. సింఫనీ వింటే మాత్రం, వందేళ్లు దాటినా, ఆ సాయంత్రం మళ్లీ మన ముందుకొస్తుంది.

అందుకే, ఈసారి మీ వీధిలో కేక వినిపిస్తే విసుక్కోకండి. ఎక్కడ ఎత్తుకున్నాడో, ఎక్కడ సాగదీశాడో ఒక్క క్షణం చెవి ఒగ్గి వినండి. పిల్లల్నీ వినమనండి. వాళ్లు పెద్దయ్యేనాటికి ఆ కేక ఉండకపోవచ్చు కదా!