విగ్గు లేని బారిస్టర్లు



బారిస్టర్ అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది మొగల్తూరు నుంచి బయల్దేరిన పార్వతీశం. లేదంటే లండన్‌లో చదివొచ్చి మద్రాసు హైకోర్టులో పేరు మోసిన టంగుటూరి ప్రకాశం పంతులు. ఆ పేరుతోపాటే నల్లగౌను, గుర్రపువెంట్రుకల విగ్గు కళ్లముందుకొస్తాయి. కానీ ఇంగ్లండులో ఉద్యోగాల తగవులు, వివక్ష కేసులు వాదించే బారిస్టర్లకు ట్రిబ్యునల్లో ఆ రెంటితోనూ పనిలేదు.

ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్ గది చూస్తే మామూలు ఆఫీసు గదిలాగే ఉంటుంది. ఎదురుగా జడ్జి. వివక్ష కేసయితే చాలాసార్లు ఆయనకు అటొకరు, ఇటొకరు సభ్యులుంటారు: ఒకరు యాజమాన్యాల వైపు అనుభవమున్నవారు, మరొకరు ఉద్యోగుల వైపు నుంచి వచ్చినవారు. బల్లలమీద పేజీ నంబర్లు వేసిన కాగితాల కట్టలు. సాక్షి చెప్పేదంతా ముందే రాసి ఇస్తారు, అందరూ చదివే వస్తారు. అందుకని సాక్షి ప్రమాణం చేసి కూర్చున్న కాసేపటికే క్రాస్ ఎగ్జామినేషన్ మొదలవుతుంది. ‘ఫలానా పేజీ తీయండి, అందులో మూడో పేరా చూడండి’ అన్న ధోరణిలోనే రోజంతా గడిచిపోతుంది. మన సినిమా కోర్టుల్లో బల్ల గుద్దే లాయర్లకు అక్కడ పెద్దగా పనుండదు.

కాగితాలకు అంత విలువ ఎందుకంటే, వివక్షను ఎవరూ చెప్పి చేయరు. 1991లో అప్పీలు కోర్టు తేల్చిన ఒక కేసు చూడండి. గ్రేట్ బ్రిటన్-చైనా సెంటర్ అనే సంస్థకు డిప్యూటీ డైరెక్టర్ కావలసి వచ్చింది. చైనా గురించి తెలిసి, చైనీస్ ధారాళంగా మాట్లాడేవాళ్లు కావాలన్నారు. చైనా సంతతికి చెంది, బ్రిటన్‌లో చదువుకున్న ఒక మహిళ దరఖాస్తు చేసింది. దరఖాస్తులు ముప్పై దాకా వచ్చాయి. వాటిలో చైనా సంతతివాళ్లవి ఐదు. ఇంటర్వ్యూకు ఎనిమిదిమందిని పిలిస్తే ఎనిమిదిమందీ తెల్లవాళ్లే! ‘చైనావాళ్లు వద్దు’ అని ఏ కాగితంలోనూ లేదు. అయినా ఈ లెక్కలన్నీ ఒకచోట పేర్చి చూసిన ట్రిబ్యునల్, జాతి కారణంగానే ఆమెను పక్కన పెట్టారన్న నిర్ణయానికొచ్చింది. అప్పీలు కోర్టు దాన్ని నిలబెట్టింది. వివక్షకు ప్రత్యక్ష సాక్ష్యం దొరకడం అరుదనీ, చాలామంది యజమానులు ఆ సంగతి తమకు తాము కూడా ఒప్పుకోరనీ లార్డ్ జస్టిస్ నీల్ ఆ తీర్పులో గుర్తించారు.

తర్వాత చట్టం ఇంకో అడుగు వేసింది. 2010 నాటి ఈక్వాలిటీ చట్టం ప్రకారం, వివక్ష జరిగి ఉండవచ్చు అనిపించే వాస్తవాలను ఉద్యోగి చూపగలిగితే చాలు, జరగలేదని నిరూపించే భారం యజమాని మీద పడుతుంది. అదే చట్టం వయసు, వైకల్యం, జాతి, మతం, లింగం, గర్భం వగైరా తొమ్మిది అంశాలకు రక్షణ ఇచ్చింది. ఇలాంటి రక్షణ ఎంతదాకా విస్తరిస్తుందో ఆ చట్టానికి ముందే తేలింది: వైకల్యమున్న కొడుకును చూసుకోవాల్సి రావడంవల్ల ఉద్యోగంలో ఇబ్బందులు పడ్డానన్న తల్లి కూడా వివక్ష కేసు వేయవచ్చని 2008లో యూరోపియన్ న్యాయస్థానం చెప్పింది. ఆమె తరఫున వాదించింది బారిస్టర్ రాబిన్ అలెన్. ఆ తల్లి పనిచేసిన చోటు మరేదో కాదు, ఒక లాయర్ల కంపెనీ!

ఇంత మంచి చట్టాన్నీ ఒక రుసుము మూలన కూర్చోబెట్టగలదు. 2013 జులైలో బ్రిటన్ ప్రభుత్వం ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే ఫీజు కట్టాలంది. వివక్ష కేసుకు మొత్తం 1,200 పౌండ్లు, జీతం బాకీ లాంటి చిన్న తగవుకు 390 పౌండ్లు. రావలసిన బాకీయే అంత లేనివాడు గడప తొక్కుతాడా? కేసులు మూడింట రెండొంతులకు పైగా పడిపోయాయి. యూనిసన్ అనే కార్మిక సంఘం కింది కోర్టుల్లో ఓడుతూనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2017 జులై 26న ఏడుగురు జడ్జీలూ ఏకగ్రీవంగా ఆ ఫీజులు చెల్లవన్నారు. తీర్పు రాసిన లార్డ్ రీడ్ మాగ్నా కార్టా దాకా వెళ్లి మరీ న్యాయస్థానం తలుపు ఎందుకు తెరిచి ఉండాలో వివరించారు. కట్టిన ఫీజులు ప్రభుత్వం వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది.

యూనిసన్ తరఫున నిలబడిన బారిస్టర్ డైనా రోజ్. కొన్నేళ్లకు ఊబర్ డ్రైవర్ల కేసు అదే సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు ఆమె ఊబర్ తరఫున వాదించారు. 2021 ఫిబ్రవరి 19న ఊబర్ ఓడింది. డ్రైవర్లు ‘వర్కర్లే’ననీ, వాళ్లకు కనీస వేతనం, జీతంతో సెలవు దక్కాలనీ కోర్టు తేల్చింది. నిన్న కార్మికుల పక్షం, నేడు కంపెనీ పక్షం, ఇదేం పద్ధతని అడిగేవాళ్లు ఉంటారు. అక్కడ క్యాబ్ ర్యాంక్ రూల్ అని ఒకటుంది. స్టాండులో ముందున్న టాక్సీ ఎవరొచ్చినా ఎక్కించుకోవాల్సినట్టే, తన రంగానికి చెందిన కేసు వచ్చినప్పుడు, తీరికా తగిన ఫీజూ ఉంటే, కక్షిదారు నచ్చలేదని బారిస్టర్ తప్పించుకోకూడదు. ఈ నియమాన్ని తీసేస్తే ముందు నష్టపోయేది కంపెనీలు కావు. వాటికి లాయర్లు ఎప్పుడూ దొరుకుతారు.

సమానత్వం వాదించే ఈ వృత్తి తన తలుపులు తెరవడానికి మాత్రం చాలా తాత్సారం చేసింది. 1903లో బెర్తా కేవ్ అనే మహిళ లండన్‌లోని గ్రేస్ ఇన్ అనే బారిస్టర్ల సంస్థలో చేరబోతే ఆడవాళ్లకు చోటు లేదన్నారు. 1919లో చట్టం మారాకే దారి తెరుచుకుంది. 1922లో ఐవీ విలియమ్స్ ఇంగ్లండులో తొలి మహిళా బారిస్టర్ అయ్యారు. మరుసటి ఏడాది మన దేశపు మిథన్ టాటాకు ఆ పట్టా దక్కింది. బెర్తా కేవ్‌ను కాదన్న గ్రేస్ ఇన్‌లోనే 1916లో చేరి, తర్వాత బారిస్టరైన విద్యార్థి భీమ్‌రావ్ అంబేద్కర్.

అంబేద్కర్ ఎదిరించి పోరాడిన కులం కూడా మనవాళ్లతోపాటు బ్రిటన్ చేరింది. బీహార్ నుంచి ఇంటిపనికి తీసుకెళ్లిన ఒక ఆదివాసీ మహిళతో యజమానులు నాలుగున్నరేళ్లు వారానికి ఏడు రోజులూ చాకిరీ చేయించుకున్నారు. చేతికిచ్చింది గంటకు 11 పెన్సుల లెక్క. 2010 చట్టంలోని తొమ్మిది అంశాల్లో కులం పేరు లేదు. కానీ కొన్ని సందర్భాల్లో అది ‘జాతిమూలం’ కిందికి రావచ్చని ఆమె వేసిన కేసులో 2014లో అప్పీలు ట్రిబ్యునల్ అంది. 2015లో ఒక్క వేతన బాకీ కిందే 1,83,773 పౌండ్లు చెల్లించమని తీర్పు వచ్చింది. కులాన్ని పేరుపెట్టి చట్టంలో చేర్చబోమని, కోర్టు తీర్పులే చాలని 2018లో బ్రిటన్ ప్రభుత్వం ప్రకటించింది. చాలవు. ప్రతి బాధితురాలూ తన కులాన్ని జాతిమూలంగా రుజువు చేసుకునే బరువు మోయాల్సి రావడం అన్యాయమే.

మన సంగతీ చూడండి. మన రాజ్యాంగంలోని 16వ అధికరణం సర్కారు కొలువుల్లో వివక్షను నిషేధించింది. ప్రైవేటు కొలువుల్లో కులం, మతం, వయసు, గర్భం అన్నిటికీ కలిపి వర్తించే చట్టం మాత్రం మనకింకా లేదు. ఈ రోజు న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకుంటున్న మీలో కొందరైనా అలాంటి చట్టానికి ముసాయిదా రాసేవాళ్లు, దానికోసం వాదించేవాళ్లు కావాలి.

మీలో ఉద్యోగానికి బ్రిటన్ వెళ్లేవాళ్లకు ఒక మాట. ట్రిబ్యునల్లో కేసు వేసే గడువు చాలాకాలంగా మూడు నెలలకు ఒక రోజు తక్కువ. 2025 చట్టం దాన్ని ఆరు నెలలకు పెంచే ఏర్పాటు చేసింది. ఏ గడువు అమల్లో ఉందో వెళ్లగానే కనుక్కోండి. అన్యాయం అనిపించిన రోజునే తేదీ రాసుకోండి, మెయిళ్లు చెరిపేయకండి.