దేవుణ్ణి పొమ్మన్న పాప
(స్త్రీల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మతం, మత నిర్బంధం గురించి మాట మొదలుకాగానే మన సమావేశాల్లో చర్చ కాస్తా వాదులాటగా మారుతుంది. ఎవరి పక్షాన వాళ్లు గట్టిగా నిలబడిపోతారు. అందుకే ఈరోజు సిద్ధాంతంతో కాక ఒక బొమ్మల కథతో మొదలుపెడతాను. బొమ్మల కథ పిల్లల వ్యవహారమని తీసిపారేయకండి. చేర్యాల నకాషీలు గుడ్డ మీద గీసిన పటాన్ని కథకులు ఒక్కో బొమ్మగా విప్పుతూ కులకథలు చెప్పడం తెలంగాణకు తెలిసిన సంప్రదాయమే. చదువు రాని స్త్రీ కూడా బొమ్మ ముందు కూర్చుంటే ధైర్యంగా ప్రశ్న వేస్తుంది.

నేను చెప్పబోయేది ఇరాన్ కథ. 1969లో అక్కడ పుట్టిన మర్జానె సత్రాపి తన బాల్యాన్ని 'పెర్సెపొలిస్' అన్న పేరుతో ఫ్రెంచి భాషలో, నలుపు తెలుపు బొమ్మల్లో చెప్పింది. 2000 నుంచి 2003 దాకా నాలుగు భాగాలుగా వచ్చిన ఆ పుస్తకం 2007లో సినిమా కూడా అయింది.

కథలో ఆరేళ్ల మర్జి తాను ప్రవక్తను కాబోతున్నానని నమ్ముతుంది. సొంతంగా కొన్ని ధర్మాలు కూడా రాసుకుంటుంది. పనిమనిషి అందరితోపాటు బల్ల దగ్గర కూర్చుని తినాలి. ముసలివాళ్లెవరూ నొప్పులతో బాధపడకూడదు. తెల్లగడ్డం దేవుడు రాత్రిళ్లు వచ్చి ఆమెతో కబుర్లు చెబుతాడు. ఆ పాపకు దేవుడూ న్యాయమూ వేరువేరు కాదు.

1979లో విప్లవం వచ్చింది. షా జైళ్లలో ఏళ్ల తరబడి మగ్గిన అనూష్, ఆమె తండ్రి తోడబుట్టినవాడు, కొత్త ప్రభుత్వం చేతికి చిక్కాడు. గూఢచారి అని ముద్ర వేశారు. చివరిసారిగా ఒక్క మనిషిని చూడనిస్తామంటే అతను ఈ పాపను కోరుకున్నాడు. జైల్లో రొట్టెతో చేసిన హంసబొమ్మను ఆమె చేతిలో పెట్టాడు. అతన్ని చంపేశాక దేవుడు మళ్లీ వస్తే పాప పొమ్మని అరుస్తుంది. ఆ తర్వాతి బొమ్మలో అంతా చీకటి. నక్షత్రాల మధ్య ఆ పిల్ల ఒక్కతే తేలుతూ ఉంటుంది.

ఈ బొమ్మ దగ్గర మనం కాసేపు ఆగాలి. పాప నాస్తికురాలైందని సంతోషించేవాళ్లున్నారు, దారి తప్పిందని బాధపడేవాళ్లూ ఉన్నారు. నాకు ఆ రెండూ సరిగ్గా అనిపించవు. నాస్తికత్వం ఆలోచించి చేరుకునే నిర్ణయం. ఇక్కడ పాప ఏ నిర్ణయమూ చేయలేదు. దేవుడి పేరు చెప్పుకునే రాజ్యం ఆమె దేవుణ్ణి ఆమెకు కాకుండా చేసింది. ఇదే మాటను వ్యాసంలో రాస్తే పది పేజీలు పడుతుంది. బొమ్మ ఒక్క చూపులో చెబుతుంది.

ఇప్పుడు దీని పక్కన మరో సంగతి పెట్టి చూడండి. అదే ఇరాన్‌లో, 1983 జూన్ 18న, షిరాజ్ నగరంలో పది మంది బహాయీ స్త్రీలను ఉరి తీశారు. వాళ్లలో అందరికంటే చిన్నదైన మోనా మహ్మూద్‌నెజాద్‌కు 17 ఏళ్లు. పిల్లలకు పాఠాలు చెప్పడం కూడా ఆమె మీద మోపిన నేరాల్లో ఒకటి. మతం వదులుకుంటే ప్రాణం దక్కేది. వాళ్లు వదులుకోలేదు. ఒక పాప దేవుణ్ణి పొమ్మంది, ఈ పది మంది తమ దేవుణ్ణి వదలమన్నారు. ఇద్దరి మీదా పడిన చెయ్యి ఒక్కటే. నమ్మే హక్కు, నమ్మకుండా ఉండే హక్కు రెండు వేరువేరు హక్కులని ఎవరైనా అంటే ఈ రెండు కథలనూ కలిపి చెప్పండి.

ముసుగు సంగతీ ఇంతే. 1936లో రెజా షా ముసుగును నిషేధించినప్పుడు పోలీసులు వీధుల్లోనే లాగేశారు. ముసుగు లేకుండా తిరగలేని స్త్రీలు ఇల్లు కదలడమే మానుకున్నారు. 1979 మార్చి 8న, ముసుగును తప్పనిసరి చేయవద్దని వేలాది స్త్రీలు టెహరాన్ వీధుల్లోకి వచ్చారు. పెర్సెపొలిస్ మొదట్లోనే బడిపిల్లలు తమకు ఇచ్చిన ముసుగుల్ని తాడులా పట్టుకుని ఆడుకుంటారు. ఆ గుడ్డకు స్వతహాగా పాపమూ లేదు, పుణ్యమూ లేదు. కట్టుకోమనే అధికారం ఎవరిది, తీయమనే అధికారం ఎవరిది అన్నదే అసలు ప్రశ్న.

ఈ పుస్తకం చూపించి, చూడండి ముస్లిం స్త్రీల గతి అనేవాళ్లు మన మధ్యా ఉంటారు. వాళ్లకు 2022 గుర్తుచేయండి. ఆ సంవత్సరం కర్ణాటకలో హిజాబ్ కట్టుకున్నందుకు ఆడపిల్లల్ని కాలేజీ గేటు బయటే ఆపేశారు. అదే సంవత్సరం సెప్టెంబరులో టెహరాన్‌లో, హిజాబ్ సరిగా లేదని పట్టుకుపోయిన మహ్సా అమీనీ పోలీసుల నిర్బంధంలో ఉండగా ప్రాణం కోల్పోయింది. ఒకచోట తీయమన్నారు, ఒకచోట కట్టమన్నారు. రెండుచోట్లా ఆ పిల్లల్ని అడిగినవాళ్లు లేరు.

చివరిగా ఒక పని చెబుతాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించడం వెనక అక్షరాస్యతా వాచకాల పాత్ర ఉందని మనకు తెలుసు. తమ బతుకు పుస్తకంలో కనబడితే స్త్రీలు ఊరుకోరు. కాబట్టి మీ బృందాల్లో ఇలాంటి బొమ్మల కథ ఒకటి తీసుకోండి. మాటలున్న చోట కాగితం కప్పి బొమ్మ మాత్రమే చూపించండి. ఇందులో భయపడుతున్నది ఎవరు, భయపెడుతున్నది ఎవరు అని అడగండి. తర్వాత, మీ దేవుణ్ణి ఎవరైనా మీ నుంచి లాక్కున్నారా, మీరు వద్దన్నా ఎవరైనా మీ మీద రుద్దారా అని అడిగి, జవాబును బొమ్మగా గీయమనండి. గీత వంకరపోయినా ఫరవాలేదు. గుడి గడప బయటే నిలబెట్టబడిన దళిత స్త్రీ ఏం గీస్తుందో, ముసుగు వేసుకున్న చెల్లెలు ఏం గీస్తుందో చూద్దాం. వచ్చే సమావేశానికి ఆ కాగితాలు తీసుకురండి. వాటినే గోడకు అతికించి మన చర్చ అక్కడి నుంచి మొదలుపెడదాం.