కొన్న వస్తువు ఎవరిది?

మా మేనల్లుడొకడు హైదరాబాదులో చదువుకొనుచున్నాడు. పండుగలకు పెద్దలిచ్చిన డబ్బు రెండేండ్లు కూడబెట్టి, టెలివిజనుకు తగిలించి ఆడుకొనెడి ఆటల యంత్రమొకటియు, దానిలో పెట్టుటకు కార్ల పందెపు ఆట డిస్కొకటియు కొనుక్కొన్నాడు. తరువాత పరీక్షలు వచ్చినవి, యంత్రము అటకెక్కినది. మొన్న సంక్రాంతికి మా యింటికి వచ్చినప్పుడు, నాకు ఆడి చూపవలెనని ముచ్చటపడి రెండింటిని వెంట తెచ్చినాడు. డిస్కు లోపల పెట్టినాడు. కంపెనీవారి ముద్ర కనబడినది, సంగీతము వినబడినది, అంతట తెరమీద ఒక ఆంగ్లవాక్యము నిలిచినది. ఈ ఆటకు సేవ నిలిపివేసినామని దాని తాత్పర్యము. వాడు డిస్కును బయటికి తీసి తుడిచి మరల పెట్టినాడు. మరల అదే వాక్యము. నా వంక చూచి, “డిస్కు నా దగ్గరే ఉంది గదా మామయ్యా, ఆట ఎక్కడికి పోయింది?” అని అడిగినాడు.

వీడియో ఆటలను గూర్చి నావంటి వయసు మళ్ళినవాడు రేడియోలో ప్రసంగించుట శ్రోతలకు వింతగా తోచవచ్చును. నాకు ఆ విద్య రాదు. వాని బలవంతముమీద మరియొక ఆట రెండు పర్యాయములు ఆడి, రెండు పర్యాయములును కారును గోడకు కొట్టినాను. కాని వాడడిగిన ప్రశ్న నన్ను విడువలేదు. అందులో ఆటకంటె ‘కొనుట’ అను క్రియకే ఎక్కువ సంబంధము కలదని నాకు తోచినది. ఆ క్రియకు మనమెరిగిన అర్థము ఈ పది పదునైదేండ్లలో మన చేతిలోనుండి మెల్లగా జారిపోవుచున్నది.

ఇట్టి సంగతులలో మిక్కిలి ప్రసిద్ధికెక్కినది ‘ది క్రూ’ అను ఆట. ఫ్రాన్సు దేశపు యూబీసాఫ్ట్ కంపెనీవారు దానిని 2014లో విడుదల చేసిరి. అమెరికా దేశమునంతటిని కుదించి, న్యూయార్కునుండి లాస్ ఏంజెలెసు వరకు కారు నడుపుకొని పోవుటకు వీలుగా అమర్చిన ఆట అది. ఒక్కడే కూర్చుండి ఆడుకొన్నను సరే, ఆ ఆట ఇంటర్నెట్టు ద్వారా కంపెనీవారి సర్వరుతో సంబంధము కలిగియే యుండవలెను. సర్వరనగా ఎక్కడనో ఒక భవనములో రాత్రింబవళ్ళు మేల్కొనియుండెడి కంప్యూటరు. 2023 డిసెంబరులో ఆ ఆట అమ్మకము మాన్పించిరి. 2024 మార్చి 31వ తేదీన సర్వరు మూసివేసిరి. తొమ్మిదేండ్ల క్రిందట కొన్నవాని ఆటయు, తొమ్మిది నెలల క్రిందట కొన్నవాని ఆటయు ఒక్క దినముననే నిలిచిపోయినవి. డిస్కు పగులలేదు, దానిమీద గీత పడలేదు. పెట్టెమీద బొమ్మ కూడ వెలిసిపోలేదు.

ఇందులో కంపెనీవారు చట్టమును మీరినారా? వారేమందురనగా, మీరు కొన్నది ఆటను కాదు, ఆడుకొనుటకు మేమిచ్చిన అనుమతిని, అనగా లైసెన్సును, అందురు. ఆ మాట షరతుల పత్రములో వ్రాసియే యున్నది. ఆ పత్రము చదువకయే మనమందరము ‘సమ్మతము’ అను చోట వ్రేలు నొక్కినాము. నేనును నొక్కినాను.

శ్రోతలలో పెద్దవారికి లైసెన్సను మాట కొత్త కాదు. 1980 దశకము వరకు మన దేశములో ఇంట రేడియో పెట్టుకొనుటకే లైసెన్సు కావలసియుండెడిది. ఏటేటా పోస్టాఫీసుకు పోయి రుసుము చెల్లించి, చిన్న పుస్తకములో బిళ్ళ అంటించుకొని వచ్చెడివారము. గడువు మరచినచో జరిమానా భయముండెడిది. కాని రేడియో పెట్టె మాత్రము మనదే. దానిని అల్లునికి ఇయ్యవచ్చును, అమ్ముకొనవచ్చును. లైసెన్సు తీరిపోయినంత మాత్రమున పెట్టె మూగదై కూర్చుండుట ఎవరును ఎరుగరు. నేటి లైసెన్సు ఆ జాతిది కాదు. ఇది వస్తువు కడుపులోనే కూర్చుండియున్నది.

అమ్మిన వస్తువుపై అమ్మినవాడు పెత్తనము నిలుపుకొనజూచుట నిన్న మొన్నటి యూహ యనుకొనరాదు. అమెరికాలో బాబ్స్-మెరిల్ అను ప్రచురణకర్తలు 1904లో ‘ది కాస్టవే’ అను నవలను అచ్చువేసి, దీనిని ఒక డాలరుకు తక్కువగా అమ్ముటకు ఎవరికిని అనుమతి లేదు, అట్లు అమ్మినచో మా హక్కును భంగపరచినట్లే యని లోపల ఒక ప్రకటన ముద్రించిరి. న్యూయార్కులోని మేసీస్ దుకాణమువారు ఆ ప్రకటనను లెక్కచేయక 89 సెంట్లకే అమ్మిరి. వివాదము సుప్రీముకోర్టు వరకు పోయినది. 1908లో న్యాయమూర్తులు దుకాణమువారి పక్షముననే తీర్పు చెప్పిరి. పుస్తకమును ఒకసారి అమ్మిన తరువాత ఆ ప్రతి తిరిగి ఎంతకు అమ్ముడుపోవలెనో శాసించు హక్కు ప్రచురణకర్తకు లేదని దాని సారాంశము. పుస్తకమును తిరిగి అచ్చువేయు హక్కు వేరు, కొన్న ప్రతిని ఇష్టము వచ్చినట్లు చేసికొను హక్కు వేరు. పాత పుస్తకముల అంగళ్ళును, అద్దె గ్రంథాలయములును, మిత్రుని పుస్తకమును తెచ్చుకొని తిరిగి ఇయ్యకపోవు మన అలవాటును ఈ భేదముమీదనే నిలిచియున్నవి.

నా బీరువాలో ఒక పాత పుస్తకమున్నది. ఆదివారము నాడు ఆబిడ్సులో కాలిబాట ప్రక్కన పరచిన పుస్తకముల కుప్పలో దొరకినది. మొదటి పుటలో ముగ్గురి పేర్లున్నవి, మూడు తీరుల దస్తూరీ, మూడు రంగుల సిరా. వారెవ్వరో నేనెరుగను. ఒకరు అక్కడక్కడ అంచులలో ప్రతిపదార్థము వ్రాసికొన్నారు. నేను దానిక్రింద నాలుగవ సంతకము చేసినాను. పుస్తకము చేతులు మారుచుండగా దానిని అచ్చువేసినవాని అనుమతి ఎవ్వరును అడుగలేదు.

కంప్యూటరులో చదువుకొను పుస్తకములకు ఇట్టి భాగ్యము లేదని 2009 జూలైలోనే తెలిసివచ్చినది. అమెజాన్ కంపెనీవారు కిండిల్ అను పఠనయంత్రమునకు అమ్మిన రెండు పుస్తకములను, పాఠకులు డబ్బిచ్చి కొని దాచుకొన్నవానిని, రాత్రికి రాత్రి దూరమునుండియే తుడిచివేసిరి. వానిని అంగడిలో పెట్టినవారికి అమెరికాలో ఆ పుస్తకములమీద హక్కు లేదట. ధర తిరిగి ఇచ్చిరి; కంపెనీ అధిపతి జెఫ్ బెజోస్ బహిరంగముగా క్షమాపణ చెప్పినాడు. ఒక పాఠశాల విద్యార్థి చదువుకొనుచు వ్రాసికొన్న వ్యాఖ్యలు మాత్రము పుస్తకముతో పాటు కొరగానివైపోయినవి. అతడు దావా వేయగా రాజీ చేసికొనవలసివచ్చినది. తుడిచిన రెండు పుస్తకములును జార్జి ఆర్వెల్ వ్రాసినవి. అందొకటి ‘1984’. పాత కాగితములను పొగగొట్టములో పారవేసి జరిగినది జరుగలేదనిపించెడి ప్రభుత్వము కథ అది. ఇంతటి కాకతాళీయమును నవలాకారుడు కల్పించినచో మనము నమ్మము.

ఆటలు కొనువారు మొదటినుండియు నోరు మూసుకొని యున్నారని కాదు. 2013లో మైక్రోసాఫ్ట్‌వారు ఎక్స్‌బాక్స్ వన్ యంత్రమును ప్రకటించుచు, అది ఇరువదినాలుగు గంటలకొకసారి ఇంటర్నెట్టుకు హాజరు పలుకవలెననియు, డిస్కును ఇతరులకిచ్చుటకు, అమ్ముటకు కొన్ని కట్టుబాట్లుండుననియు చెప్పిరి. కొనువారు మండిపడిరి. అదే సమయమున పోటీ కంపెనీయగు సోనీవారు, తమ యంత్రముపై ఆటను మిత్రునితో పంచుకొనుట ఎట్లో నేర్పెదమని చెప్పి చిన్న చలనచిత్రమొకటి విడుదల చేసిరి. అందులో ఒకడు డిస్కు పెట్టెను ప్రక్కవాని చేతిలో పెట్టును. అంతే చిత్రము. ఆ జూను నెలలోనే మైక్రోసాఫ్ట్‌వారు తమ కట్టుబాట్లను ఉపసంహరించుకొనిరి.

అయితే ఆ విజయము చిరకాలము నిలువలేదు. తరువాత వచ్చిన యంత్రములలో కొన్నింటికి డిస్కు పెట్టు చోటే లేదు. 2020లో సోనీవారే తమ ప్లేస్టేషన్ 5ను డిస్కుతో ఒక రకము, డిస్కు లేకుండ ఒక రకము అమ్మిరి, రెండవది చవుక. 2025 జూనులో నింటెండోవారి స్విచ్ 2 యంత్రము వచ్చినది. దానికి అమ్మెడి కొన్ని కార్డులలో ఆట ఉండదు, తాళపుచెవి మాత్రముండును. ఆటను ఇంటర్నెట్టునుండి దించుకొనవలెను. ఆ కార్డును ఎరువియ్యవచ్చును, అమ్ముకొనవచ్చును. ఆటను దించుకొనవలెనను సంగతి పెట్టెమీద ముద్రించినారు కూడ. అంతవరకు మెచ్చవలసినదే. కాని ఆటను దించుకొను కొట్టు మూతపడిన నాడు తాళపుచెవితో తెరచుటకు తలుపేది?

కంపెనీల పక్షమున చెప్పవలసినదియు కలదు. సర్వరు ఊరక నడువదు. విద్యుత్తు కావలెను, మనుష్యులు కావలెను. నూరుగురు ఆడెడి ఆటకొరకు కలకాలము ఖర్చు పెట్టుమనుట న్యాయము కాదు. కొనినవారు కూడ అంత కోరుట లేదు. ‘ది క్రూ’ మూతపడిన వెంటనే, 2024 ఏప్రిలులో, రాస్ స్కాట్ అనునతడు ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ అను ఉద్యమమును లేవదీసినాడు. వారి కోరిక ఇంతమాత్రమే: సర్వరు మూయుటకు ముందు, అది లేకయే ఆడుకొనుటకు ఏదో ఒక మార్గము చేసి వెళ్ళుడు. ఐరోపా సమాఖ్యలో పౌరులు పది లక్షల సంతకములు సేకరించినచో సమాఖ్య ప్రభుత్వము ఆ విషయమును పరిశీలించి బదులు చెప్పవలెనను నియమమున్నది. 2025 జూలై నాటికి ఆ సంఖ్య దాటినది. పరిశ్రమవారి సంఘము, ఇతరులు నడుపు సర్వరులలో ఆటగాండ్ర వివరములకు రక్షణ ఉండదని, అక్కడ జరుగు అక్రమములకు తాము బాధ్యులము కావలసివచ్చునని ఆక్షేపించినది. ఆ ఆక్షేపణలో కొంత నిజమున్నది. కాని ఒంటరిగా కారు నడుపుకొనువాని విషయమున అది చెల్లదు. యూబీసాఫ్ట్‌వారే తమ తరువాతి రెండు ఆటలను ఇంటర్నెట్టు లేకయు ఆడుకొనునట్లు మార్చెదమని 2024 సెప్టెంబరులో ప్రకటించిరి. కావున సాధ్యము కానిదేమియు ఇందు లేదు. పోలండు దేశపు జీఓజీ అను అంగడివారు 2008నుండి తాళములు లేని ఆటలనే అమ్ముచున్నారు. దించుకొని దాచుకొన్నవాడు అంగడివారిని మరల అడుగనక్కరలేదు.

చట్టములు మెల్లగా కదలుచున్నవి. కాలిఫోర్నియా రాష్ట్రములో 2024లో చేసిన శాసనమొకటి 2025 జనవరి 1నుండి అమలులోనికి వచ్చినది. మీరు పొందునది లైసెన్సు మాత్రమేయని స్పష్టముగా తెలుపనిదే, ఇట్టి వస్తువుల విషయమున ‘కొనుడు’ అను మాట వాడరాదని దాని నియమము. శాశ్వతముగా దించుకొని, ఇంటర్నెట్టు లేకయే వాడుకొనుటకు వీలున్నవానికి ఆ నిషేధము లేదు. ఆటల అంగళ్ళలో పెద్దదియగు స్టీమువారు 2024 అక్టోబరులోనే డబ్బు చెల్లించు చోట ఆ సంగతి వ్రాసిపెట్టిరి. ఈ శాసనము వస్తువును తిరిగి ఇప్పింపదు, మాటను మాత్రము సరిదిద్దును. అయినను నాకు నచ్చినది. కౌలుకిచ్చి క్రయమని చెప్పుటను మన పల్లెలలో వెనుకటి ఏ కరణమును ఒప్పుకొనెడివాడు కాడు.

ఇక గ్రంథాలయముల మాట. అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషనువారు 2023లో లెక్కించి, తమ దేశములో 2010కి ముందు విడుదలయైన ఆటలలో నూటికి 87 ఇప్పుడు అంగడిలో కొనుటకు దొరకవని తేల్చిరి. పోనీ, గ్రంథాలయములు వానిని భద్రపరచి పరిశోధకులకు దూరమునుండి చూపునా? అక్కడి కాపీరైటు కార్యాలయము 2024 అక్టోబరులో అందుకు అనుమతి నిరాకరించినది. గ్రంథాలయమునకు స్వయముగా వచ్చి చూచుటకు మాత్రము అభ్యంతరము లేదు.

మన దేశమున 1954లో చేసిన చట్టమొకటి కలదు. ప్రతి ప్రచురణకర్తయు తాను వేసిన పుస్తకమును ముప్పది దినములలో, తన ఖర్చుతోనే, కలకత్తాలోని జాతీయ గ్రంథాలయమునకును మరి మూడు గ్రంథాలయములకును పంపవలెను. ఎందరో తెలుగు రచయితల పుస్తకములు వారి యిండ్లలో చెదలు తినిపోయినను అక్కడ దొరకుచున్నవన్నచో ఆ చట్టమే కారణము. ఆ చట్టములో చెప్పినవి పుస్తకములు, పత్రికలు. హైదరాబాదులో మన పిల్లలే ఇప్పుడు ఆటలు తయారు చేయుచున్నారు. వారి పనిని ఏ గ్రంథాలయమునకు పంపవలెనో చెప్పెడి సెక్షను అందులో లేదు. ఇక 2012లో మన కాపీరైటు చట్టమునకు చేర్చిన నిబంధన ప్రకారము, హక్కులను భంగపరచు ఉద్దేశముతో ఇట్టి తాళములను పగులగొట్టినవానికి రెండేండ్ల వరకు కారాగారశిక్ష. ‘ఉద్దేశముతో’ అను ఆ ఒక్క మాట చేర్చినవారికి నమస్కరింపవలెను. తన వస్తువును తాను తెరచుకొనువానికిని దొంగకును గల భేదమంతయు ఆ మాటలోనే యున్నది.

ఇంత చదివి మా మేనల్లునికి చెప్పినాను. వాడు ఓపికగా విని, “అయితే ముందే చెప్పి సగం ధరకు ఇవ్వవలసింది గదా” అన్నాడు. దానికి నా వద్ద సమాధానము లేదు. పండుగ వెళ్ళి వాడు హైదరాబాదుకు ప్రయాణమైన నాడు డిస్కు పెట్టె నా బల్లమీదనే యుండిపోయినది. తెరచి చూచితిని. లోపలి కాగితముమీద వాడు కొన్న తేదీ వేసి, తన పేరు ముద్దుగా వ్రాసికొన్నాడు. ఫోను చేసి, పారవేయుదునా అని అడిగినాను.

“వద్దు మామయ్యా, ఉంచండి. ఎవరైనా మళ్ళీ తెరుస్తారేమో,” అన్నాడు.

ఆబిడ్సులో కొన్న పుస్తకము ప్రక్కన బీరువాలో పెట్టినాను.