చలిసీమలో అరటితోట

గులాబీలను పెరికి అరటిని నాటుట, అదియును ఇంగ్లండులో! ససెక్సు సీమలోని గ్రేట్ డిక్స్టర్ తోటలో 1993లో ఈ పని జరిగినది. మన న్యూఢిల్లీకి రూపమిచ్చిన వాస్తుశిల్పి ఎడ్విన్ లట్యెన్స్ తీర్చిన గులాబీ మడులవి. తోటయజమాని క్రిస్టఫర్ లాయిడ్ వాటిని తీసివేయించి, అరటి, మెట్టతామర, డేలియాలతో చిట్టడవి పెంచెను. సంప్రదాయప్రియులు నొచ్చుకొనిరి.

శ్రోతలు అరటి యనగానే చక్రకేళిని తలచవలదు. ఇది మూసా బాస్జూ అను చైనా జాతి. కాయలు తినుటకు పనికిరావు. జపానులో 17వ శతాబ్ది కవి బషో తన గుడిసె చెంతనున్న ఈ అరటి పేరునే తన పేరుగా పెట్టుకొనెను. నీరు గడ్డకట్టు తొలి రాత్రికే దీని ఆకులు నల్లబడి వ్రేలాడును. దుంప మాత్రము చావదు. శీతకాలమున కాండము చుట్టు ఎండుగడ్డి దట్టముగా కట్టి, పైన వాన చొరకుండ మూత వేయుదురు. నా దృష్టిలో అసలు కిటుకు ఆ మూతయే. చలికి ఓర్చుకొను మొక్కయు, చలితోపాటు తడి చేరినచో కుళ్లును. కనుక నీరు నిలువని నేల కావలెను. గాలికి అడ్డముగా గోడయో, దట్టమైన కంచెయో ఉండవలెను. అరటియాకు గాలికి పేలికలగుట మన మెరుగనిదా?

తక్కిన మొక్కలకును పుట్టినచోటు చూడవలెను. టాస్మేనియా చలియడవుల చెట్టుఫెర్నులు, చైనా కొండల పీచుతాటి ఇట్టి తోటలకు తగినవి. వేడినేలల మొక్కలు ఒక్క వేసవికే అతిథులు. పాలమూరు మెట్టచేలలో నూనెకై వేయు మన ఆముదమునే అచ్చట ఎఱ్ఱని ఆకుల అందమునకై వసంతమున గాజుయింట విత్తి, జూన్‌లో తోటలో నాటుదురు. శరత్తు చలితో దాని ఆయువు తీరును. ఒక్క గింజయు గానుగకు పోదు.