ఏ బావి నీరు త్రాగుచున్నారు?

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ఉపన్యాసము)



ఊరిలో ఒకరికి జబ్బు చేసినచో వైద్యుడు రోగిని పరీక్షించును. ఆ రోగి ఏ బావి నీరు త్రాగినాడు, ఆ నీరే త్రాగిన ఇతరులు ఎట్లున్నారు అని అడుగువారు అరుదు. ఆ ప్రశ్నలడుగుటకు ఒక శాస్త్రము కలదు. దానిని ఎపిడెమియాలజీ అందురు. వ్యాధి ఉన్న ఊరిని, లేని ఊరిని ప్రక్కప్రక్కన పెట్టి, వాటికి గల భేదమేమని వెదకుట దాని పని. నేను వైద్యుడను కాను, ప్రచార శాఖ ఉద్యోగిని మాత్రమే. అయినను ఈ కథ మన జిల్లాలలో నడచినది గనుక చెప్పుటకు సాహసించుచున్నాను.

దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోనివి. 1970లో ప్రకాశము జిల్లాలో చేరినవి. ఆ మెట్ట నేలలలో దుక్కిటెద్దులు కీళ్ళు బిగిసి నడువలేకపోవుటను రైతులే ముందుగా గమనించిరని చెప్పుదురు. మనుష్యులలో ఆ వ్యాధిని 1937లో లోకమునకు తెలిపినవారు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటు డైరెక్టరు షార్టు, ఆయన సహచరులు. పిల్లల పండ్లపై సుద్దమచ్చలు, గోధుమరంగు చారలు. ముప్పది ఏండ్లు దాటినవారికి మొదట కాళ్ళు చేతులు తిమ్మిరి, పిదప నడుమునొప్పి. తుదకు వెన్నెముక అంతయు ఒకే గుంజవలె బిగిసిపోవుట. మెడ త్రిప్పవలెనన్న శరీరమంతయు త్రిప్పవలసినదే. ఇది అంటువ్యాధి కాదు, పూర్వకర్మ ఫలము అంతకంటెను కాదు. త్రాగునీటిలో కరిగియున్న ఫ్లోరైడు అను లవణమే దీనికి మూలము. భూగర్భమందలి రాళ్ళనుండి అది నీటిలోనికి దిగుచున్నది.

ఇట్టి విచారణకు గొప్ప యంత్రములే కావలెనని లేదు. అమెరికాలో ఐడహో రాష్ట్రమున ఓక్లీ అను చిన్న పట్టణము కలదు. దూరపు ఊట నుండి గొట్టములు వేసి నీరు తెచ్చుకొన్న తరువాతనే తమ పిల్లల పండ్లకు మచ్చలు వచ్చుచున్నవని అక్కడి తల్లులు పసిగట్టిరి. 1923లో మెకే అను దంతవైద్యుడు వచ్చి ఆ నీటిని పరీక్షించెను, దోషమేమియు కనబడలేదు. అయినను ఆ గొట్టములు విడిచి వేరొక ఊట నీరు వాడుడని సలహా ఇచ్చెను. ఊరివారు విన్నారు. కొన్ని ఏండ్లకు చిన్నపిల్లలకు మచ్చలేని పండ్లు మొలిచినవి. దోషము ఫ్లోరైడుదని తేలినది మాత్రము 1931లో! కారణము పూర్తిగా తెలియకముందే నీరు మార్చి పిల్లలను కాపాడుకొన్న ఆ ఊరి పెద్దలను నేను మెచ్చుకొందును.

మన దేశమున పరిశోధన అంతటితో ఆగలేదు. నీటిలో దోషమున్నచోట తిండి చాలని పేదల ఎముకలు మరింత చెడునని 1940లో పండిట్ ప్రభృతులు తెలిపిరి. నల్లగొండ జిల్లాలోని బాధను 1955లో సిద్దిఖీ అను వైద్యుడు వివరించెను. ఆ జిల్లాలోనే మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి ఒరుసుకొను పిల్లలను గూర్చి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 1973లో ప్రకటించిరి.

గ్రామములకు పోయినప్పుడెల్ల నన్ను ఒక ప్రశ్న అడుగుదురు: నీరు కాచి త్రాగిన పోదా అని. పోదు. కాచినకొలది నీరు తగ్గి ఫ్లోరైడు చిక్కనగును. దానికి రంగు లేదు, వాసన లేదు. ఒక వీధిలో మంచి బావి, ప్రక్క వీధిలో చెడ్డ బోరు ఉండవచ్చును. లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదనియు, వేరు ఆధారము లేనిచోట 1.5 వరకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణము. ఇది పరీక్షకు గాని కంటికి తెలియదు. పటిక, సున్నముతో ఫ్లోరైడును విరుగగొట్టు నల్లగొండ పద్ధతిని నాగపూరులోని నీరీ సంస్థ రూపొందించినది. పద్ధతి మంచిదే, కాని దినదినము చేసెడి మనిషి కావలెను. ఒకసారి బిగిసిన వెన్నును విడిపించు మందు మాత్రము లేదు.

2016 నుండి తెలంగాణలో మిషన్ భగీరథ ద్వారా నదీజలములు ఇండ్లకు చేర్చు పని జరిగినది. సంతోషమే. అయితే గొట్టము పగిలిన దినమున జనులు దేనివద్దకు పోవుదురు? పాత బోరు వద్దకే. కావున పాత బోర్లను మరువరాదు. 2019లో ఆరంభమైన జల జీవన్ మిషన్ నియమముల ప్రకారము ప్రతి గ్రామమున ఐదుగురికి, వీలైనంతవరకు స్త్రీలకు, నీటిపరీక్షలో శిక్షణ ఇవ్వవలెను. మీ ఊరిలో ఆ ఐదుగురు ఎవరో మీకు తెలియునా? తెలియనిచో ఇంటికి పోగానే విచారింపుడు.

వచ్చు సమావేశమున ఒక పుస్తకము తెరువుడు. ఒక్కొక్క పుటకు ఒక్కొక్క బావి. పరీక్షించిన తేదీ, ఫ్లోరైడు అంకె, ఆ నీరు త్రాగు కుటుంబములు. చెడిన బోరుకు త్రాగరాదని రంగుతో గుర్తు వేయుడు. బట్టలుతుకుటకు అది పనికివచ్చును. శాశ్వత దంతములు రూపొందునది బాల్యములోనే గావున మొదటి పుట అంగన్‌వాడీ బోరునకు, రెండవది పాఠశాల బోరునకు కేటాయింపుడు.