సైకిల్ ట్రాక్ ఎవరు అడిగితే వస్తుంది?

పోయిన ఎపిసోడ్‌లో మెట్రో దిగాక ఇంటికి చేరే ఆ చివరి రెండు కిలోమీటర్ల గురించి మాట్లాడుకున్నాం. సైకిల్ అనగానే చాలామంది అన్న మాట ఒకటే. "బ్రో, అదంతా యూరప్ కల్చర్. మన దగ్గర వర్కౌట్ అవ్వదు." సరే, ఈరోజు ఆ ఒక్క మాటే పట్టుకుందాం. యూరప్‌లో కూడా నెదర్లాండ్స్ తీసుకుందాం, ఎందుకంటే అందరూ చూపించేది ఆ ఫొటోలే కదా. కాలువ పక్కన ఎర్రటి ట్రాక్, దాని మీద అమ్మమ్మలు, స్కూలు పిల్లలు, సూటు వేసుకున్న ఆఫీసర్లు. అక్కడ మనుషుల కంటే సైకిళ్లు ఎక్కువ. జనం చేసే ప్రయాణాల్లో నాలుగో వంతుకు పైగా సైకిల్ మీదే.

ఇది వాళ్లకి మొదట్నుంచీ ఉన్నదేనా? ఉండేది, పోయింది, మళ్లీ తెచ్చుకున్నారు. ఈ మూడు ముక్కల్లో మధ్య ముక్క ఎవరూ చెప్పరు.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అక్కడ సైకిళ్లు బాగా ఉండేవి. యుద్ధం అయ్యాక ఇరవై ఏళ్లలో జీతాలు పెరిగాయి, కార్లు వచ్చాయి. కార్ల కోసం రోడ్లు వెడల్పు చేశారు, ఇళ్లు పడగొట్టారు. 1967లో డేవిడ్ జోకినెన్ అనే అమెరికన్ ప్లానర్ ఆమ్‌స్టర్‌డ్యామ్‌లో ఒక పెద్ద కాలువను పూడ్చేసి, ఊరి నడిబొడ్డు దాకా హైవే వేద్దామని ప్లాన్ కూడా ఇచ్చాడు. చెరువులు పూడ్చి కాలనీలు కట్టుకున్న మనకి ఈ కథ కొత్తగా ఏమీ అనిపించదు.

దాని ఫలితం ఏంటంటే, 1971 ఒక్క సంవత్సరంలో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద మూడు వేల మందికి పైగా చనిపోయారు. అందులో 400 మందికి పైగా పిల్లలు. స్కూలుకి పోతూ, ఇంటి ముందు ఆడుకుంటూ పోయిన పిల్లలు.

వాళ్లలో ఒక పాప తండ్రి విక్ లాంగెన్‌హాఫ్, జర్నలిస్టు. మరుసటి ఏడాది 1972లో తన పేపర్లో ఒక వ్యాసం రాశాడు. దాని హెడ్డింగ్ 'స్టాప్ డి కిండర్‌మోర్డ్'. అంటే 'పిల్లల హత్యలు ఆపండి' అని. యాక్సిడెంట్ అనలేదు చూడండి, హత్య అన్నాడు. అప్పటిదాకా 'దురదృష్టం', 'డ్రైవర్ చూసుకోలేదు', 'పిల్లాడు అడ్డం వచ్చాడు' అనుకుంటున్న జనానికి, ఇది ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవాల్సిన విషయం అని ఆ ఒక్క మాటతో అర్థమైంది.

ఆ పేరుతోనే ఒక ఉద్యమం మొదలైంది. దానికి మొదటి అధ్యక్షురాలు మార్త్యే వాన్ పుటెన్, అప్పటికి ఇరవైల్లో ఉన్న ఒక తల్లి. తర్వాత ఆమె యూరోపియన్ పార్లమెంటు సభ్యురాలు అయింది. వీళ్లు చేసిన పనులు చూడండి. యాక్సిడెంట్లు ఎక్కువ జరిగే చోట్ల రోడ్డు మీద కూర్చున్నారు. ఒకరోజు వీధి మూసేసి, టేబుళ్లు వేసి, వీధంతా కలిసి భోజనాలు చేశారు. మన దగ్గర వినాయక చవితికి టెంట్ వేసి అన్నదానం పెట్టినట్టే అనుకోండి. పిల్లల్ని వెంటబెట్టుకుని సైకిళ్ల మీద ప్రధానమంత్రి ఇంటికి వెళ్లి పాటలు పాడారు, మా వీధులు మాకు కావాలని. అదే రోజుల్లో ఆమ్‌స్టర్‌డ్యామ్‌లో డె పైప్ అనే ఇరుకు బస్తీలో పిల్లలే సంతకాలు సేకరించి, వీధికి అడ్డం పెట్టి, కార్ల వాళ్లతో గొడవపడ్డారు. టీవీ వాళ్లు దాన్ని షూట్ చేశారు కూడా.

1973లో చమురు సంక్షోభం వచ్చింది. అరబ్ దేశాలు ఆయిల్ ఆపేశాయి. ప్రధాని జూప్ డెన్ అయిల్ ఆదివారాలు కార్లు బయటికి తీయొద్దన్నాడు. మొదటి ఆదివారం నవంబర్ 4. ఖాళీ హైవేల మీద జనం నడిచారు, స్కేటింగ్ చేశారు, సైకిళ్లు తొక్కారు. పెట్రోల్ లేక పెట్టిన రూల్ అది. కానీ కారు లేని వీధి ఎలా ఉంటుందో ఊరంతా ఒకసారి కళ్లారా చూసింది. ఆ తర్వాత 1975లో సైకిల్ తొక్కేవాళ్ల యూనియన్ పుట్టింది. కొంతమంది రాత్రిపూట వెళ్లి రోడ్డు మీద వాళ్లే పెయింట్‌తో సైకిల్ లేన్ గీసేవాళ్లు. పోలీసులు పట్టుకునేవాళ్లు, అది పేపర్లో వచ్చేది, చివరికి మున్సిపాలిటీ వినేది. 1976లో 'వూనెర్ఫ్' అనే వీధులకు చట్టబద్ధత వచ్చింది. అంటే నివాస వీధిలో మనిషిదే ముందు హక్కు, కారు నడక వేగంతో రావాలి అని.

ఇక్కడ ఒక టెక్నికల్ పాయింట్. ఈ ఎపిసోడ్‌లో ఇంకేమీ గుర్తులేకపోయినా ఇది గుర్తుంచుకోండి. 1970ల్లో వాళ్ల ప్రభుత్వం ముందు హేగ్‌లో, టిల్‌బర్గ్‌లో ఒక్కొక్క మంచి సైకిల్ రూట్ వేసి చూసింది. ఆ రూట్ మీద సైకిళ్లు బాగా పెరిగాయి. కానీ ఊరు మొత్తం మీద లెక్క చూస్తే, ఒక్క రూట్ వల్ల సైకిల్ వాడకం పెద్దగా కదల్లేదు. తర్వాత డెల్ఫ్ట్ అనే ఊళ్లో ఒక్క రూట్ కాకుండా నెట్‌వర్క్ వేశారు. చిన్న వీధుల్ని పెద్ద వీధులకి, వాటిని స్కూలుకి, స్టేషన్‌కి కలిపారు. అప్పుడు జనం నిజంగా సైకిల్ ఎక్కారు. మన సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. ఒక సర్వర్ ఎంత ఖరీదైనదైనా, దానికి కేబుల్ కనెక్ట్ చేయకపోతే అది ఒక పెట్టె, అంతే.

ఇది మనసులో పెట్టుకుని మన హైదరాబాద్ చూద్దాం.

2023 అక్టోబర్ 1న ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభమైంది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఎనిమిదిన్నర, నార్సింగి నుంచి కొల్లూరు దాకా పద్నాలుగున్నర కిలోమీటర్లు. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన సోలార్ రూఫ్, 16 మెగావాట్ల సామర్థ్యం. దక్షిణ కొరియాలో చూసి వచ్చిన ఐడియా. నేను తొక్కాను, చాలా బాగుంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు.

కానీ అక్కడ ఆదివారం పొద్దున్న ఆరింటికి నిలబడి చూడండి. కారు వెనక రాక్‌కి సైకిల్ కట్టుకుని వస్తారు, పార్క్ చేస్తారు, ముప్పై కిలోమీటర్లు తొక్కుతారు, మళ్లీ సైకిల్‌ని కారెక్కించి ఇంటికి పోతారు. మంచి వ్యాయామం. అయితే ఇంటి గేటు నుంచి ట్రాక్ దాకా సైకిల్ మీద రావాలంటే భయం. అంటే మనకి టిల్‌బర్గ్ వచ్చింది, డెల్ఫ్ట్ ఇంకా రాలేదు.

ఇప్పుడు "మన దగ్గర సైకిల్ కల్చర్ లేదు" అనే మాటకి వద్దాం. 2011 జనాభా లెక్కల్లో దేశంలో దాదాపు 45 శాతం ఇళ్లలో సైకిల్ ఉంది. స్కూటర్, బైక్ ఉన్న ఇళ్లు 21 శాతం. మీ నాన్నగారినో తాతగారినో అడగండి, మొదటి ఉద్యోగానికి దేని మీద వెళ్లారో. ఆంధ్రప్రదేశ్‌లో 'బడికొస్తా' పేరుతో హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్లిచ్చారు. అసలు సైకిల్ ఎన్నికల గుర్తుగా ఉన్న రాష్ట్రాల్లో కూర్చుని సైకిల్ మనది కాదంటే ఎలా చెప్పండి!

ఇప్పటికీ తొక్కుతున్నవాళ్లు ఉన్నారు. మన కంటికి ఆనరు, అంతే. పొద్దున్న ఐదింటికి పేపర్ వేసే అబ్బాయి. డ్యూటీ దిగి ఇంటికి పోయే వాచ్‌మన్. కొండాపూర్, కోకాపేట సైట్లలో పనిచేసే ఒడిశా, బీహార్ కూలీలు, హ్యాండిల్‌కి టిఫిన్ క్యారేజీ తగిలించుకుని. ప్రభుత్వ స్కూలు పిల్లలు. వీళ్లు ఫిట్‌నెస్ కోసం తొక్కట్లేదు, స్ట్రావా యాప్‌లో ఫొటో పెట్టరు, హెల్మెట్ ఉండదు. ట్రాక్ ఎక్కడ వేయాలి అని మీటింగ్ పెడితే వీళ్లని ఎవరూ పిలవరు. కానీ రోజూ లారీ పక్కన తొక్కుతున్నది వీళ్లే.

లారీ పక్కన అంటున్నా కదా, దాని లెక్క కూడా చెప్తాను. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. రోజుకి 460 మంది పైనే. నడిచేవాళ్లు 32 వేలకు పైగా. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు తొమ్మిదిన్నర వేలు. ఇవి కేంద్ర రవాణా శాఖ లెక్కలే. 400 మంది పిల్లల కోసం ఒక దేశం వీధుల్లోకి వచ్చింది. వాళ్ల కంటే మన జనాభా చాలా ఎక్కువ, ఒప్పుకుంటాను. అయినా రోజుకి ఇరవై ఆరుగురు పిల్లలు అంటే దాదాపు ఒక క్లాస్‌రూమ్. మన పేపర్లో అది జిల్లా ఎడిషన్‌లో సింగిల్ కాలమ్.

వేగం గురించి ఒక్క ముక్క. ఫిజిక్స్ మర్చిపోయినవాళ్లకి: స్పీడ్ రెట్టింపైతే దెబ్బలో ఉండే శక్తి నాలుగు రెట్లు. 30లో తగిలిన కారుకీ, 60లో తగిలిన కారుకీ తేడా అది. అందుకే మనుషులు, వాహనాలు కలిసి తిరిగే చోట 30 కిలోమీటర్లు దాటొద్దని 2020 స్టాక్‌హోమ్ డిక్లరేషన్ చెప్పింది. ట్రాక్ వేయడానికి జాగా లేని గల్లీలో కూడా, స్పీడ్ తగ్గిస్తే చాలు, అది సైకిల్ రోడ్డు అయిపోతుంది. దీనికి కోట్లు అక్కర్లేదు.

"మరి ఎండ సంగతి?" అంటారు. కరెక్ట్ ప్రశ్న. ఏప్రిల్‌లో మధ్యాహ్నం సైకిల్ తొక్కమని నేనూ చెప్పను. కానీ చెట్టు కింద రోడ్డుకీ, చెట్టు లేని రోడ్డుకీ తేడా బైక్ మీద సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతివాడికీ తెలుసు. నీడ కోసం సిగ్నల్‌కి యాభై అడుగుల ముందే ఆగుతాం కదా! చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల కోసం మన ఊరి వాలంటీర్లు చేసింది గుర్తుందా? రోడ్డు వెడల్పులో పోతాయన్న దాదాపు 900 మర్రిచెట్లను ఒక్కొక్కటీ లెక్కపెట్టి, మ్యాప్ మీద గుర్తించి, గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. సైకిల్ అడిగేవాళ్లూ, చెట్టు అడిగేవాళ్లూ వేర్వేరు గ్రూపుల్లో ఉంటున్నారు. నిజానికి అడుగుతున్నది ఒకే రోడ్డు.

అడిగితే వస్తుందా అంటే, వచ్చిన సందర్భాలున్నాయి. 2021 ఆగస్టులో ఒకాయన ట్విట్టర్‌లో అడిగాడు, ఆదివారం సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద ట్రాఫిక్ ఆపితే ఫ్యామిలీలు నడుస్తాయి కదా అని. అప్పటి మంత్రి కేటీఆర్ దాన్ని పోలీసులకు పంపారు. ఆ నెల 29 నుంచే ఆదివారాలు సాయంత్రం ఐదు నుంచి పది దాకా బండ్లు ఆపేశారు. అదే ఏడాది కేంద్రం పెట్టిన సైకిల్స్ ఫర్ చేంజ్ పోటీలో గెలిచిన 11 నగరాల్లో మన వరంగల్ ఒకటి.

చిన్న లెవెల్‌లో నా అనుభవం కూడా చెప్తాను. జాబ్ చేసే రోజుల్లో నా రూమ్ నుంచి ఆఫీసు ఆరు కిలోమీటర్లు. సైకిల్ మీద వెళ్తే సెక్యూరిటీ అన్న లోపలికి రానిచ్చేవాడు కాదు. "స్టిక్కర్ లేదు సర్." కారుకి స్టిక్కర్ ఉంది, బైక్‌కి ఉంది, సైకిల్‌కి అసలు ఆ ఫామ్‌లో కాలమే లేదు. నలుగురం కలిసి మెయిల్ పెట్టాం. రిప్లై లేదు. అప్పుడు హౌస్‌కీపింగ్‌లో, క్యాంటీన్‌లో సైకిల్ మీద వచ్చేవాళ్లు ఎంతమందో లెక్కపెట్టాం. పంతొమ్మిది మంది. సైకిళ్లు బయట ఫెన్సింగ్‌కి తాళం వేసుకుని వచ్చేవాళ్లు. ఆ లెక్కతో మళ్లీ మెయిల్ పెడితే రెండు నెలలకి బేస్‌మెంట్‌లో ఒక స్టాండ్ వచ్చింది. నలుగురు సాఫ్ట్‌వేర్ వాళ్ల కోరిక హాబీ లాగా కనిపించింది. మొత్తం ఇరవై ముగ్గురి లెక్క చూపిస్తే అవసరం లాగా కనిపించింది.

కాబట్టి ఈ వారం చేయగలిగే పని ఒకటి చెప్తాను. ఊరు మొత్తం వద్దు. మీ ఇంటి దగ్గర ఒక స్కూలు ఎంచుకోండి, ప్రభుత్వ స్కూలైతే ఇంకా మంచిది. దాని చుట్టూ అర కిలోమీటరు చాలు. పొద్దున్న ఎనిమిది నుంచి తొమ్మిది దాకా గేటు దగ్గర నిలబడి లెక్క రాయండి, నడిచేవాళ్లు ఎంతమంది, సైకిల్ ఎంతమంది, ఎక్కడ రోడ్డు దాటుతున్నారు, ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ అడ్డం ఉంది. ఫొటోలు తీయండి, పిల్లల ముఖాలు రాకుండా. తర్వాత హెచ్ఎం గారితో, తల్లిదండ్రులతో కూర్చుని ఒక్క కోరిక తేల్చుకోండి. గేటు ముందు ఎత్తు చేసిన జీబ్రా క్రాసింగ్ కావచ్చు, 30 బోర్డు కావచ్చు, నాలుగు వేపచెట్లు కావచ్చు. 'సైకిల్ ఫ్రెండ్లీ సిటీ కావాలి' అని రాస్తే ఆ ఫైలు ఏ టేబుల్ మీదికీ పోదు. 'ఫలానా గేటు ముందు ఫలానా క్రాసింగ్ కావాలి' అంటే అది ఒక ఇంజనీర్ పని అవుతుంది.

సంతకాలతో సోమవారం ప్రజావాణిలో ఇవ్వండి. రసీదు తీసుకోండి. కదలకపోతే సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఈలోపు పోలీసుల పర్మిషన్ తీసుకుని ఒక ఆదివారం ఆ గల్లీని రెండు గంటలు మూసి పిల్లల్ని ఆడుకోనివ్వండి. వద్దన్న అంకుల్ కూడా ఆ రోజు కుర్చీ తెచ్చుకుని బయట కూర్చుంటాడు, చూడండి.

మీరు లెక్క రాస్తే నాకు పంపండి, ఏ స్కూలు, ఎన్ని సైకిళ్లు అని. పది స్కూళ్ల లెక్కలు వస్తే ఆ మ్యాప్ మీద ఒక ఎపిసోడ్ చేద్దాం. ఈ వీడియో మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో వేసేటప్పుడు, మీ వాచ్‌మన్ అన్నని కూడా ఒకసారి అడగండి, రోజూ ఏ రోడ్డు మీద వస్తాడో, ఎక్కడ భయమేస్తుందో. మన మ్యాప్‌లో మొదటి గీత అక్కడి నుంచి మొదలుపెడదాం. ఉంటాను, నమస్తే.