పెరటి మంచులో కార్డినల్ పక్షి

మంచు కప్పిన కొమ్మమీద కూర్చున్న ఎర్రని పిట్టను శ్రోతలలో చాలామంది చూచే ఉంటారు. పెరటిలో కాదు, అమెరికానుండి బంధువులు పంపే శుభాకాంక్షల పత్రాలమీద. దాని పేరు కార్డినల్. కాథలిక్కు మతంలో ఆ పదవిలో ఉన్నవారు ధరించే ఎర్రని దుస్తులనుబట్టి ఆ పేరు వచ్చింది. మన పిగిలిపిట్టకంటె కొంచెం పెద్దది. దానివలెనే తలపై జుట్టు ఉన్నది గాని, ఇది మరింత నిటారుగా నిలుస్తుంది. ఒహాయో రాష్ట్రం 1933లో దీనిని తన రాష్ట్రపక్షిగా స్వీకరించింది. నేడు మొత్తం ఏడు రాష్ట్రాలకు ఇదే రాష్ట్రపక్షి. శీతకాలం రాగానే వెచ్చని ప్రాంతాలకు వలసపోయే అలవాటు దీనికి లేదు. మంచూ ఎరుపూ ఒక్క చిత్రంలో దొరకడానికి కారణం అదే.

ఒక జనవరి నెలలో నేను ఒహాయోలోని మా చెల్లెలి ఇంట మూడు వారాలు గడిపాను. వంటయింటి కిటికీకి పదిహేను అడుగుల దూరాన, పెరటిలో గింజల తొట్టి ఒకటి వ్రేలాడుతూ ఉండేది. మొదటి ఉదయం రెండు వందల చిత్రాలు తీశాను. ఒక్కటైనా పనికి రాలేదు. మంచు పాతగోడవలె బూడిదరంగుకు తిరిగింది.

కారణం సులభమైనదే. కెమెరాలోని కాంతిమాపకం తాను చూచినదంతా నడితరపు బూడిదరంగుగానే భావిస్తుంది. తెల్లని మంచు దానికి మితిమీరిన వెలుగుగా తోచి, చిత్రాన్ని చీకటి చేస్తుంది. కాబట్టి మాపకం చెప్పినదానికంటె ఒక స్టాపు వెలుగు ఎక్కువ ఇవ్వాలి. మరునాడు అట్లే ఇచ్చాను. మంచు తెల్లబడింది గాని, ఈసారి పిట్ట చెడింది. ఎండ నేరుగా పడుతున్న ఎరుపు, ఆ అదనపు వెలుగుకు తాళలేక, కుంకుమ ఒలికిన మరకవలె ముద్దకట్టింది. ఈ పక్షి వేసవి చివర కొత్త ఈకలు తొడుగుతుంది. వీపుమీది ఆ ఈకల అంచులకు సన్నని బూడిదరంగు ఉంటుంది. చలికాలపు కార్డినల్ అందమంతా అందులోనే ఉన్నదని నా అభిప్రాయం. ముందు పోయేది ఆ అంచే. అందుకని ఎండకాసే వేళను వదలి, మబ్బు పట్టిన ఉదయాన్ని ఎన్నుకున్నాను. మబ్బు వెలుగును మెత్తబరుస్తుంది. నేలమీది మంచు ఆ వెలుగునే క్రిందినుండి పిట్ట పొట్టమీదికి తిప్పి పంపుతుంది. కెమెరా వెనుక హిస్టోగ్రాములో ఎరుపు గీత కుడి అంచును తాకకుండా చూచుకుంటే చాలు.

కన్ను మరొక చిక్కు. మగపిట్ట ముఖంమీద నల్లని ముసుగు, ఆ ముసుగులో నల్లని కన్ను. కంటిలో ఒక వెలుగు చుక్క మెరవకపోతే అది బొమ్మలపెట్టెలోని పిట్టే. తల ఆకాశంవైపు కొంచెం తిరిగే క్షణంకోసం వేచి ఉండవలసిందే.

కిటికీ అద్దంగుండా తీస్తే చిత్రం మసకబారుతుంది. తలుపు తెరిస్తే ఇంటి వెచ్చదనం బయటి చలిగాలిలో కలిసి, ఎండమావివలె దృశ్యాన్ని వణికిస్తుంది. ఈ రెంటితో విసిగి, మూడవనాడు తెల్లవారుజామునే కెమెరా పట్టుకొని పెరటిలోకి నడిచాను. తొట్టి దగ్గరకు అందరికంటె ముందు వచ్చి, చీకటి పడేవేళ అందరికంటె చివర పోయేది కార్డినలే. నన్ను చూచి జంట ఎగిరిపోయింది. నేను కదలక నిలుచున్నాను. అవి కంచెమీదినుండి చూస్తూనే ఉన్నాయి. గంట గడిచింది. లోపలికి వచ్చేసరికి మా చెల్లెలు కాఫీ ఇస్తూ అన్నది:

"అన్నయ్యా, నీ బొమ్మకోసం వాటికి పొద్దుటి తిండి లేకుండా పోయింది."

ఆ మాట నన్ను గట్టిగా తాకింది. అటువంటి చిన్న ప్రాణి పగలు తిన్నదానిని క్రొవ్వుగా దాచుకొని, రాత్రంతా దానినే కరిగించుకొని ఒంటి వేడి నిలుపుకుంటుంది. తెల్లవారేసరికి ఆ నిలువ దాదాపు అయిపోయి ఉంటుంది. నేను కాజేసినది సరిగ్గా ఆ గంటనే.

తరువాత నేను బయటకు పోలేదు. మా బావగారు తొట్టికి రెండడుగుల దూరంలో ఒక ఎండుకొమ్మను పాతి, తొట్టిలో పొద్దుతిరుగుడు గింజలతోపాటు కుసుమ గింజలు కూడా పోశారు. మన చేలలో పండే ఆ కుసుమలే. వాటిని కార్డినళ్లు ఇష్టంగా తింటాయి, ఉడుతలు అంతగా ముట్టవు. చెల్లెలు వేడిచేసే యంత్రాన్ని కాసేపు ఆపింది. గది చల్లబడిన పిమ్మట కిటికీని జానెడు తెరచి, శాలువ కప్పుకొని కూర్చున్నాను. తొట్టికి పోయే ముందు పిట్టలు ఆ కొమ్మమీద ఒక్క క్షణం ఆగి, చుట్టూ చూచేవి. వెనుక కంచె చాలా దూరాన ఉండటంవలన నేపథ్యం పాలవలె కలిసిపోయింది.

అయిదవనాడు సన్నగా మంచు పడుతున్నది. 1/500 సెకనుకు షట్టరు పెట్టాను. మంచు రేకులు గాలిలో నిలిచినట్లు పడ్డాయి. కొమ్మమీద వాలినది ఆడపిట్ట. లేత గోధుమవన్నె ఒళ్లు, రెక్కలమీదా జుట్టుమీదా ఎర్రని జాడ, పగడపు రంగు ముక్కు. ముక్కున ఒక కుసుమ గింజ. అంతవరకు నేను దానిని లెక్కచేయనేలేదు. తల తిప్పింది, కంట వెలుగు మెరిసింది.

ఆ చిత్రం మా చెల్లెలి వంటయింట్లో వ్రేలాడుతున్నది. దానిలో మగపిట్ట లేదు. ఎడమ అంచున, ఎగిరిపోతున్న దాని తోక కొన మాత్రం ఎర్రగా కనిపిస్తుంది.